అంకాలు గుర్రం ఎన్ని బెత్తెలు?

అనగా అనగా, మా అమ్మమ్మకి అమ్మమ్మ కూడా పుట్టకముందు, కొండ వాలున ఓ ఊరుండేదిట. మెట్టపాలెం దాని పేరు. ఊరంటే ఎంత ఊరు, ముప్పై గడపలు. గడపకో గుర్రం. గుర్రాలంటే యుద్ధాలకెళ్ళేవి కావర్రా, తట్టు గుర్రాలు. పొట్టివి, బొద్దువి. కింద సంతలో ఉప్పెత్తుకుని కొండెక్కాలి, పైన చింతపండెత్తుకుని కొండ దిగాలి. ఉప్పుతో పైకి, చింతపండుతో కిందికి, మళ్ళీ ఉప్పుతో పైకి... ఊఁ అనరేం? మీరు ఊఁ అనకపోతే నా గుర్రం అడుగెయ్యదు.

ఆఁ. ఆ ఊళ్ళో గురవమ్మని ఒకావిడ. ఆవిడ కొడుకు దాలయ్య, కోడలు అంకాలు. ఆ ఏడు వానల్లో దాలయ్య కొండ దారిలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంక ఇంటి బరువంతా అంకాలు మీదా, వాళ్ళ గుర్రం చామంతి మీదా పడింది. వారానికోసారి దాలయ్యని చామంతి మీద కూర్చోబెట్టి కిందూళ్ళో కట్లు కట్టే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆర్నెల్లు కట్టు మారిస్తే గానీ ఈ కాలు నేల మీద ఆనదన్నాడా వైద్యుడు. అప్పటికి రెండు నెలలే అయింది.

అలాంటప్పుడు రాజుగారికి పక్క రాజుతో పేచీ వచ్చింది. గుర్రాలు కావాలి. ఇరవై బెత్తెల ఎత్తు, ఆపైన ఉన్న గుర్రాలన్నీ కోటకి తోలుకురండి, పొట్టివాటిని ముట్టుకోకండి అని ఆజ్ఞ వేశాడు. బెత్తెడంటే? ఏదీ, నాలుగు వేళ్ళూ దగ్గరగా పెట్టండి. బొటనవేలొద్దు చిట్టీ, దాన్ని లోపలికి మడిచెయ్యి. అదీ, ఆ వెడల్పే బెత్తెడు.

ఆ గుర్రాలు తెచ్చే పని సాహిణి మీద పడింది. సాహిణంటే రాజుగారి గుర్రపుశాలలన్నిటికీ పెద్ద. వంద గుర్రాలు తేవాలి. దేశమంతా తిరిగినా డెబ్భై దాటలేదు. ఆ ముప్పై కోసం వెతుక్కుంటూ మెట్టపాలెం వచ్చాడు.

వచ్చి, మొదటి గడప ముందు గుర్రాన్ని నిలబెట్టి, డెక్క దగ్గర చెయ్యి పెట్టి, బెత్తెడు మీద బెత్తెడు, బెత్తెడు మీద బెత్తెడు, మోకాలు దాటి, మూపు దాటి, మెడ దాటి, చెవి కొసకి చేరి, "ఇరవై రెండు! తోలండి కోటకి" అన్నాట్ట. రెండో గడపకెళ్ళాడు. మోకాలు దాటి, మూపు దాటి, మెడ దాటి, చెవి కొసకి చేరి, "ఇరవై రెండు! తోలండి." ఆ ఇంటాయన నోరెత్తలేదు. మూడో ఇంటాయనా ఎత్తలేదు. సాహిణి వెనక ఇరవై మంది ఈటెలవాళ్ళున్నారు మరి.

అలా అలా అంకాలు గడప దగ్గరికొచ్చి చామంతి డెక్క మీద చెయ్యి పెట్టాడు. మోకాలు దాటాడు. మూపు దగ్గరికొచ్చాడు. దాటబోతుంటే అంకాలు అడ్డంగా తన చెయ్యి పెట్టింది.

"ఇక్కడికే దొరా. గుర్రం ఎత్తు మూపు దాకానే. మెడ లెక్కలోకి రాదు, చెవి అసలే రాదు."

మూపంటే, మెడ అయిపోయి వీపు మొదలయ్యే చోట ఎముక కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి, అది. అక్కడిదాకా లెక్కపెడితే చామంతి పదహారు బెత్తెలే.

సాహిణికి ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా గుర్రాల మధ్య బతుకుతున్నాను, నాకు నేర్పుతున్నావా అని కసురుకున్నాడు.

"నేర్పడం లేదు దొరా. మీకు తెలుసు. తెలుసు గనకే మీ చెయ్యి మూపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆగి మళ్ళీ పైకి పోయింది. నేను చూశాను."

ఆ మాటకి సాహిణి మొహం ఎర్రబడింది. దీనికి రాజుగారి గుర్రమని ముద్ర వెయ్యండన్నాడు. భటుడు ఎర్రగా కాల్చిన ఇనప ముద్ర తెచ్చాడు. అంకాలు ఏం చేసిందనుకున్నారు? చామంతి పగ్గాన్ని మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకుని ముందు నిలబడింది. ముద్ర వేస్తే నా చేతి మీద కూడా వెయ్యండి, తాడు మాత్రం వదలనంది. భటుడు సాహిణి మొహం చూశాడు. సాహిణి ఊరివాళ్ళ మొహాలు చూశాడు. అంతవరకూ నేలచూపులు చూస్తున్న వాళ్ళంతా తలలెత్తి ఉన్నారు. సరే, నీ మాట రాజుగారికే చెప్పుకో, రేపు గుర్రంతోపాటు నువ్వూ నడువన్నాడు. కోటంటే జడిసి ఆగిపోతుందనుకున్నాడు పాపం.

సాహిణి అటు వెళ్ళగానే గురవమ్మ లబలబలాడింది. రాజుతో తగువేమిటే, గుర్రం పోతే పోయింది, నువ్వు పోతే ఇంకో కోడల్ని ఎక్కణ్ణుంచి తేనే అంది.

"గుర్రం పోతే నీ కొడుకు కాలు పోతుందత్తా," అంది అంకాలు.

గురవమ్మ పొయ్యి రాజేసి, మూడు రోజులకి సరిపడా చోడిరొట్టెలు కాల్చి మూట కట్టింది. దాలయ్య మంచంలోంచి లేవబోయి, లేవలేక, గుర్రానికి కాసిని ఉలవలు కూడా మూటలో పెట్టమన్నాడుట. ఆయన చెయ్యగలిగింది అంతే.

మూడు రోజుల నడక. ముప్పై గుర్రాలు, వాటి వెనక దుమ్ములో అంకాలు. భయం వెయ్యలేదంటారా? వేసింది. భయమేసినప్పుడల్లా చామంతి మెడకి చెంప ఆనించేది. వెచ్చగా, గడ్డి వాసన వేసేదది. మళ్ళీ నడిచేది.

కోట చేరారు. రాజు కొలువులో కూర్చున్నాడు. వంద గుర్రాలొచ్చాయి మహాప్రభూ అన్నాడు సాహిణి. రాజు చూశాడు. డెబ్భై గుర్రాలు మిద్దెల్లా ఉన్నాయి, ముప్పై గుర్రాలు వాటి పొట్టల కింద దాక్కునేట్టున్నాయి. ఇవి ఇరవై బెత్తెలా అన్నాడు. ఇరవై రెండు మహాప్రభూ, కొలిచి తెచ్చానన్నాడు సాహిణి.

అప్పుడు అంకాలు చామంతిని లాక్కుంటూ ముందుకొచ్చింది. వచ్చి దణ్ణం పెట్టి, "నా గుర్రాన్ని నేనివ్వను మహాప్రభూ," అంది.

కొలువంతా గుడ్లప్పగించింది. రాజుతో ఇవ్వనని చెప్పినవాళ్ళు అప్పటిదాకా లేరు. ఎందుకివ్వవని రాజు గట్టిగానే అడిగాడు. అంకాలు మూటలోంచి గుప్పెడు ఉలవలు తీసి నేల మీద పోసింది. చామంతి తల దించి తినడం మొదలెట్టింది. ఇప్పుడు చెవి కొసదాకా కొలవమనండి సాహిణిగారిని అంది. కొలిస్తే? ఏడు బెత్తెలు రాలేదు!

"ఉలవలు చూస్తే ఏడు, పిలిస్తే ఇరవై రెండు. ఇదేం ఎత్తు మహాప్రభూ? తల ఆడుతుంది, మెడ ఆడుతుంది, చెవి ఆడుతుంది. గుర్రం తల ఎత్తినా దించినా కదలకుండా ఉండేది మూపొక్కటే. అక్కడికి కొలవాలి."

మీ నాన్న చిన్నప్పుడు గుమ్మానికానుకుని ఎత్తు చూసుకునేవాడు. ప్రతిసారీ మునివేళ్ళ మీద లేచేవాడు. మడమలు దించరా అంటే ఏడుపు. సరే, అది వేరే కథ.

సాహిణి ఊరుకున్నాడా? లేదు. ఎత్తు లేకపోతేనేం మహాప్రభూ, కొండెక్కే గుర్రం, గట్టి గుర్రం, కవచమేసుకున్న భటుణ్ణి అవలీలగా మోస్తుందన్నాడు. ఎంత బరువుంటుందీ గుర్రం అన్నాడు రాజు. నలభై మణుగులుంటుందని సాహిణి, ఇరవై దాటదని అంకాలు. నలభై అని ఆయన, ఇరవై అని ఈవిడ. తూచి చూస్తే పోలా అంది అంకాలు. గుర్రాన్ని తూచే త్రాసు ఎక్కడుంటుందని అందరూ నవ్వారు.

ఆ కొలువులో ఓ మూల పెద్ద త్రాసు ఉంది. ఇనప గొలుసులు, చావిడంత సిబ్బెలు, అవే త్రాసు పళ్ళేలు. ఏటా రాజుగారు ఒక సిబ్బెలో కూర్చుంటే రెండో సిబ్బెలో బియ్యం పోసి పేదలకి పంచేవారు. అంకాలు ఆ త్రాసు వంక చెయ్యి చూపించింది.

ఇంకేముంది, గోల! రాజు కూర్చునే చోట గుర్రమా, అపచారం అని పెద్దలు, పొగరు చూడండి దీనికని సాహిణి. అంకాలు వెనక్కి తగ్గలేదు. "రేపు రాజుగారి సైన్యం దీని వీపు మీద కూర్చోవచ్చు గానీ, ఇవాళ ఇది రాజుగారి త్రాసులో నిలబడకూడదా?" అంది.

తూచండన్నాడు రాజు.

అంకాలు చామంతి కళ్ళకి పైట కొంగు అడ్డం పెట్టి, చెవిలో ఏదో చెబుతూ సిబ్బె మీదకి ఎక్కించింది. రెండో సిబ్బెలోకి కవచమేసుకున్న భటుడొకడు ఎక్కాడు. కదల్లేదు. రెండోవాడు ఎక్కాడు. కదల్లేదు. మూడోవాడు కాలు పెట్టాడో లేదో, చామంతి గాల్లోకి లేచింది!

"చూశారా మహాప్రభూ. ముగ్గురు భటులకి సరితూగడం లేదు. మేం దీని బరువులో నాలుగో వంతుకి మించి దీని మీద వెయ్యం. బక్కపలచని నా పెనిమిటిని మోస్తుంది. ఇనుమేసుకున్న ఈ బాబుని పొద్దున్నుంచీ మోస్తే మధ్యాహ్నానికి దీని నడుం విరుగుతుంది. యుద్ధం మధ్యలో గుర్రం కూలిపోతే, మీద ఉన్నవాడి గతేమిటి? వాడికీ ఇంటి దగ్గర ఒక తల్లి ఉంటుంది కదా."

సిబ్బెలో ఉన్న భటులు ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

రాజు సాహిణి వైపు తిరిగి ఎందుకిలా చేశావని అడిగాడు. సాహిణి కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. "వంద తెమ్మన్నారు ప్రభూ. లేవని చెబితే తల తీయిస్తారేమోనని జడిశాను," అన్నాడు. లేవని చెప్పనివ్వని తప్పు నాదేనన్నాడుట రాజు. రాజు నోట ఆ మాట రావడం అదే మొదలు.

ఏం కావాలో కోరుకో అన్నాడు అంకాలుని. నగలొద్దు, మాన్యాలొద్దంది. బెత్తెల గుర్తులు పెట్టిన కర్ర ఒకటి చేయించండి, మూపు దాకానే కొలవాలని ఆజ్ఞలో రాయించండి, కొలిచేటప్పుడు గుర్రం తాలూకు మనిషి కూడా ఆ కర్ర పట్టుకోవాలంది. అలాగే రాయించాడు రాజు. ముప్పై గుర్రాలూ ఊరికొచ్చేశాయి. డెబ్భై గుర్రాలతోనే సరిహద్దు కాసుకుంటే పక్క రాజు సంధికొచ్చాడు. సాహిణి తల నిలిచింది, ఆ కర్ర పట్టుకుని ఊరూరా సరిగ్గా కొలుచుకుంటూ తిరిగేవాడుట. దాలయ్య ఆర్నెల్లూ కట్టు మార్పించుకుని లేచి నడిచాడు. గురవమ్మ మాత్రం కనబడ్డవాళ్ళందరితో, నేనే పంపానమ్మా కోడల్ని, నేనే వెళ్ళమన్నానని చెప్పుకునేది.

అందుకని నాన్నల్లారా, ఎవరైనా మీదింత, మీరింత అని కొలిచి చెబితే, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొలిచారో అడగండి. ఎంత పెద్దవాళ్ళయినా సరే, అడగండి.

ఊఁ అంటున్నారా, నిద్రపోయారా? కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం.