తన బార తానే కొలుచుకున్న వేటగాడు

ఒక వేటగాడికి కొత్త విల్లు కావలసి వచ్చింది.

పాతది లేక కాదు. ఇంట్లో తాతలనాటి విల్లు ఉంది. దాని బిగువు చెబితే నమ్మరు గానీ, దాన్ని వంచడం కంటే ఊరి ముందున్న కొండను వంచడం తేలిక. ఒకడు దాని మీద మోకాలు మోపి, ఒంటి బరువంతా వేసి వంచాలి. ఇంకొకడు అదే క్షణంలో నారి ఉచ్చును కొసకి తగిలించాలి. వంచేవాడు తగిలించలేడు, తగిలించేవాడు వంచలేడు. ఆ కొండవాడలో విళ్లన్నీ అలాంటివే. అందుకే అక్కడ నారి ఎక్కించడం ఇద్దరి పని.

వేటగాడి విల్లు వంచేవాడు అతని అన్న. అన్న విల్లు వంచేవాడు ఇతను. ముందటేడు వానల్లో అన్న పోయాడు. అప్పటినుంచి విల్లు వాసానికి వేలాడుతోంది. ఒక సాలీడు దానికి తనే నారి ఎక్కిద్దామనుకుందో ఏమో, ఈ కొస నుంచి ఆ కొసకి గూడు అల్లింది. ఏనుగు వచ్చి పడినా తెగని గూడు.

ఇల్లు ఎంత మూగబోయిందంటే, మెతుకు కింద పడితే బండరాయి పడ్డట్టు వినిపించేది. అతను అన్నం వండుకుని, తిని, "ఇక చాలు" అని కుండకి చెప్పేవాడు. చెప్పడానికి ఇంకెవరూ లేరు మరి.

లేరంటే, తడికకి అవతల వదిన ఉంది. అన్న పెళ్లాం. ఆవిడా ఒక్కతే. ఆవిడ ఇంట్లోనూ వాసానికి ఒక విల్లు వేలాడుతోంది. రెండు విళ్లు, ఇద్దరు మనుషులు. లెక్క సరిపోయింది కదా అంటారు. ఎక్కడ సరిపోతుంది! ఆ వాడలో ఒక పట్టింపు ఉంది. విల్లున్నవాళ్లు నోరు తెరిచి అడగకుండా వాళ్ల వింటి మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. వేస్తే, నీ పని అయిపోయింది, ఇక పొయ్యి దగ్గర కూర్చో అన్నట్టు. దానికంటే చెంపదెబ్బ నయం.

అంచేత అతను అడుగుతాడేమోనని ఊరంతా చెవులు చేటలంత చేసుకుని ఎదురుచూసింది. అతను అడగలేదు. వదిన అడుగుతుందేమోనని అతను చూశాడు. ఆవిడా అడగలేదు. ఆ వంశంలో మొండితనం కోడళ్లకి కూడా అంటుకుంటుంది, గజ్జిలాగా.

అయితే ఎల్లకాలం అలా కుదరదు. ఎండలు ముదిరే ముందు వాడంతా కలిసి పెద్ద వేటకి వెళ్తుంది. సాయంత్రం మాంసం పంచేటప్పుడు ఇంటికొక అడ్డాకు పరుస్తారు. బాణం వదిలిన ఇంటికే ఆకు. తగలకపోయినా ఫరవాలేదు, వదిలితే చాలు. వరసగా రెండు వేటల్లో బాణం వదలని ఇల్లు వాడలో లేనట్టే. ఆ ఇంటివాళ్లని పెళ్లికి పిలవరు, చావుకి పిలవరు, తిట్టడానికైనా పిలవరు. కిందటి వేటకి తడిక ఇవతలి ఇల్లూ వెళ్లలేదు, అవతలి ఇల్లూ వెళ్లలేదు. ఇక మిగిలింది ఈ వేట.

ఎవర్నీ అడగక్కర్లేని విల్లు ఒకటి కొనుక్కుందామని వేటగాడు సంతకి బయల్దేరాడు.

సంతలో విళ్లమ్మే ముసలాయన జీవితమంతా ఒక కన్ను మూసి గురి చూసి చూసి, ఆ కన్ను తెరవడమే మర్చిపోయాడు. ఉన్న ఒక్క కన్నుతోనే వేటగాణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏం కావాలి నాయనా?"

"ఇంకొకరు అక్కర్లేని విల్లు."

"ఓ, అదా! ఈమధ్య వచ్చినవాళ్లంతా అదే అడుగుతున్నారు." ముసలాయన ఒక వెదురు విల్లు తీశాడు. "దీనికి చంటిపిల్ల కూడా నారి ఎక్కిస్తుంది. దీని బాణం తగిలితే పందికొక్కు వీపు గోకించుకుని 'ఇంకొంచెం పైన' అంటుంది."

"వద్దు."

"అయితే ఈ కొమ్ము విల్లు చూడు. పులి కూడా దీని పేరు చెబితే తోక ముడుస్తుంది. కానీ నారి ఎక్కించడానికి ముగ్గురు కావాలి. ముగ్గురూ తాగి ఉండకూడదు."

"మా వాడలో దొరకరు," అన్నాడు వేటగాడు.

అప్పుడు ముసలాయన వెనక్కి వెళ్లి గిలకల విల్లు తెచ్చాడు. పై కొసన ఒక గిలక, కింది కొసన ఒక గిలక, వాటి మధ్య తీగలు అటూ ఇటూ దాటుకుంటూ ఉన్నాయి. అది విల్లులా లేదు. ఇద్దరు పాలివాళ్లు పోట్లాడుకుని నూతి గిలకల్ని చెరొకటి పంచుకున్నట్టుంది.

"దీని నారి దిగదు, కనక ఎక్కించే పనే లేదు," అన్నాడు ముసలాయన. "లాగితే మొదట కొండ. ఇంకా లాగితే ఇంకా పెద్ద కొండ. చిట్టచివర గిలకలు తిరుగుతాయి చూడు, అక్కడ కొండ దిగిపోతుంది. పావురం ఈకంత బరువు మిగులుతుంది. ఇక నీ ఇష్టం వచ్చినంతసేపు పట్టుకో."

తన విల్లు తీసి లాగి చూపించాడు. లాగి పట్టుకునే పక్క కొట్టువాడితో బెల్లం బేరం ముగించాడు, రెండు సార్లు తుమ్మాడు, ఎవరిదో దూడ తప్పిపోతే దాని జాడ చెప్పాడు, చిన్న కునుకు కూడా తీశాడు. చెయ్యి వణకలేదు.

వేటగాడి కళ్లు మెరిశాయి. తోడు లేకుండా ఇంత బరువు మోసే వస్తువు లోకంలో ఉందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

"ఇదే ఇవ్వు."

"ఇస్తాను. ఒకటే పేచీ ఉంది. మామూలు విల్లు నువ్వెంత లాగితే అంత. ఇది అలా కాదు, నీ బారకి సరిగ్గా బిగించాలి. బెత్తెడు తక్కువ బిగిస్తే ముడుచుకుపోతావు. బెత్తెడు ఎక్కువ బిగిస్తే గిలక తిరిగే చోటుకి నీ చెయ్యి చేరదు, కొండ దగ్గరే ఉండిపోతావు. ఏదీ, రెండు చేతులూ చాపు." ముసలాయన తాడు పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

వేటగాడు వెనక్కి జరిగాడు. అన్నని మోసినప్పుడు పక్కవాడి భుజం తగిలింది. మనిషి అతనికి తగలడం అదే ఆఖరు. ఇప్పుడు పరాయివాడు ఎవడో వచ్చి రెక్కలు పట్టుకుని కొలవడమంటే, గుండె తలుపు తీసి లోపల ఎంత ఖాళీ ఉందో చూపించినట్టనిపించింది.

"నేనే కొలుచుకుంటాను."

"నీ బార నువ్వే? తాడు అవతలి కొస ఎవరు పట్టుకుంటారయ్యా?"

"తలుపు పట్టుకుంటుంది."

"తలుపు మంచిదే. కాకపోతే నువ్వు దొంగలెక్క చెబితే 'ఒరేయ్' అనదు."

వేటగాడు కొట్టు వెనక్కి వెళ్లి, తాడు కొసని తలుపు సందులో ఇరికించి, చేతులు చాచాడు. ఎవరూ చూడనప్పుడు మనిషి కాస్త పెద్దగానే చాచుకుంటాడు. రొమ్ము విరిచాడు, మడమలెత్తాడు, మెడ నరాలు ఉబ్బేదాకా వేళ్లు సాగదీశాడు. చేరినచోట ముడి వేసి తెచ్చి ఇచ్చాడు.

ముసలాయన ఆ ముడినీ అతని భుజాలనీ మార్చి మార్చి చూశాడు. "తన బార తాను కొలుచుకున్నవాడు బెత్తెడు ఎక్కువే చెబుతాడు," అని గొణుక్కున్నాడు. అయినా అడిగినట్టే బిగించాడు. "ఇక్కడే ఒకసారి లాగి చూసుకుని వెళ్లు."

"మా వాడలో కొత్త వింటిని మొదటిసారి జంతువు ఎదుటే లాగాలి. ఉత్తగాలి మీద లాగితే వేట చెడుతుంది."

"చూసుకోకుండా తీసుకెళ్లే పట్టింపు కూడా ఉందా! మీ వాడలో పెళ్లిళ్లూ ఇలాగే చేస్తారా?"

వేటగాడు విల్లు భుజాన వేసుకుని వచ్చేశాడు.

పెద్ద వేట రోజు తెల్లారేసరికి వాడంతా జంటలు జంటలుగా నారులు ఎక్కిస్తోంది. ఆ మూలుగులకీ బూతులకీ కొండ మీద కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. ఎక్కించాక ఒకడి వీపు మీద ఇంకొకడు చరచడం అక్కడి ఆనవాయితీ. ఆ చప్పుళ్లన్నీ వింటూ వేటగాడు ఒక పక్కగా నిలబడ్డాడు. అతని వీపు మీద ఈగ వాలింది.

వదిన వచ్చింది. మొగుడి విల్లు చేతిలో ఉంది, నారి దాని చుట్టూ చుట్టి ఉంది. మరిది భుజాన ఉన్నదాన్ని ఎగాదిగా చూసింది.

"ఏం మరిదీ, వేటకొచ్చావా, నీళ్లు తోడటానికొచ్చావా? గిలకలు తెచ్చావు, చేద ఏదీ?"

"నువ్వు కర్ర పట్టుకొచ్చావు గదా వదినా, మేకలేవీ?"

అన్న పోయాక వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. ఆ తర్వాత ఇద్దరూ మాటలు అయిపోయినట్టు చెరోవైపు చూశారు.

వేటలో అన్నదమ్ముల ఇళ్లకి కాచే చోటు ఒకటే. అందుకని వాడపెద్ద ఇద్దర్నీ కొండ నడుమన ఉన్న సందు దగ్గర నిలబెట్టి వెళ్లిపోయాడు. కింద తప్పెట్లు మోగాయి. ఆకులు కదిలాయి. కణుజు దుప్పి వచ్చింది.

అది మామూలు కణుజు కాదు. దాని కొమ్ముల మధ్య చిన్న ఊరు కాపురం ఉండవచ్చు. వచ్చి, ఎదురుగా నిలబడి, వేటగాడి మొహంలోకి చూసింది.

వేటగాడు లాగాడు. కొండ వచ్చింది. ఇంకా లాగాడు. పెద్ద కొండ వచ్చింది. ఇప్పుడు తిరుగుతాయి గిలకలు, ఇప్పుడు తిరుగుతాయి అనుకుంటూ లాగాడు. తిరగలేదు. చెయ్యి ఆగిపోయింది. ఇంకొక్క బెత్తెడు ఉంది. ఆ బెత్తెడు అతని ఒంట్లో లేదు. తలుపు ముందు ఉండిన బార మనిషి ముందు లేకపోయింది.

భుజాలు కొట్టుకుంటున్నాయి. చెమట ఏరై పారింది. అలా వణికే చేతుల్లోంచి వదిలితే బాణం అతని కాలికే తగులుతుంది. దించేస్తే ఇల్లు పోతుంది. వెనకనుంచి వదిన చూస్తోందని అతనికి తెలుసు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లోనే ఉంది. కానీ చాచదు. చాచకూడదు. ఒక్క మాట అడగాలి.

కణుజు చెవి విదిలించింది.

"మరిదీ," అంది వదిన మెల్లగా. "నేను ఏడాదిన్నరగా దేన్నీ పట్టుకోలేదు. ఆ తీగ ఒకసారి పట్టుకుని చూస్తానయ్యా. పట్టుకోనిస్తావా?"

వేటగాడికి అర్థమైంది. అడగాల్సింది తను. అడిగింది ఆవిడ. అదీ ఆ అవసరం ఆవిడదే అన్నట్టు అడిగింది. అతను "ఊఁ" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఎత్తిన బరువులన్నిట్లో ఆ "ఊఁ" బరువైనది.

ఆవిడ చెయ్యి అతని చేతి పక్కన తీగ మీద పడింది. అతను వింటిని ముందుకి నెట్టాడు, ఆవిడ వెనక్కి లాగింది. బెత్తెడు దాటింది. గిలకలు రెండూ ఒక్కసారి తిరిగాయి. కొండ దిగిపోయింది.

ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

"వదులు మరి," అంది వదిన.

"వదులుతాను," అన్నాడు అతను. వదల్లేదు.

"రాత్రి దగ్గుతావు. తడిక ఇవతలికి వినిపిస్తుంది."

"నువ్వు ఇంకా ఇద్దరికి వండుతావు. కుండ చప్పుడు బట్టి తెలుస్తుంది."

"చెయ్యి అలవాటు. గుప్పెడు బియ్యం ఎక్కువే పడతాయి. నువ్వు కుండతో మాట్లాడతావు గదా."

"విన్నావా?"

"రోజూ వింటాను. అది 'ఊఁ' అనదని నేనే ఇవతలనుంచి అంటాను. నీకు వినపడదు."

కణుజు నిలబడి నిలబడి కాళ్లు లాగి కూర్చుంది. నెమరు వేసింది. పొద్దు అవతలి కొండ మీదికి వాలింది. తప్పెట్లు ఆగిపోయాయి. వాళ్లు అన్న గురకల గురించి మాట్లాడుకున్నారు. ఆ గురకకి ఒకసారి ఎలుగుబంటి భయపడి మకాం మార్చిందట. నవ్వినప్పుడు కూడా బాణం కదల్లేదు.

వాడపెద్ద ఆకుల కట్ట చంకన పెట్టుకుని పైకి వచ్చాడు.

"పంపకాల వేళయింది. మీ రెండిళ్ల సంగతి చెప్పండి. బాణం వదిలారా?"

"ఇంకా లేదు పెద్దాయనా," అంది వదిన.

"ఎదురుగా ఊరంత జంతువు కూర్చుని ఉంది గదర్రా! వదలండి. చీకటి పడితే లెక్కకి రాదు."

వేటగాడు కణుజును చూశాడు. తన చేతి పక్కన ఉన్న చేతిని చూశాడు. "నువ్వు వదులు వదినా," అన్నాడు.

"నువ్వు వదులు," అంది ఆవిడ.

వాడపెద్ద పిచ్చివాళ్లంటూ ఒకసారి తిట్టాడు, ఒకసారి బతిమాలాడు. చివరికి కట్టలోంచి రెండు ఆకులు తీసి గాలికి వదిలేసి కిందికి వెళ్లిపోయాడు. కణుజు లేచి, ఒళ్లు దులుపుకుని, వెనక్కి చూడకుండా తన దారిన పోయింది.

కింద వాడలో పొగలు లేచాయి. మాంసం కాలుతున్న కమ్మటి వాసన కొండెక్కి వచ్చింది. ఇద్దరికీ కడుపులు కాలాయి. చేతులు మాత్రం నొప్పి పుట్టలేదు.