సాగని యాంకరు

తవిటినాయుడి బాధేంటంటే, వాడి పని అందరికన్నా బాగా వచ్చింది. గురువుగారు మాత్రం ఒక్క మాట మెచ్చుకోలేదు.

వైజాగ్‌లో పెద్ద బిల్డింగు కోసం సెల్లారు గొయ్యి తవ్వుతున్నారు. మూడంతస్తుల లోతు. సరిగ్గా గొయ్యి అంచు మీద ఒక అపార్టుమెంటు. బాల్కనీల్లో జనాలు బట్టలు ఆరేసుకుంటుంటారు. దాని కింది మట్టి జారకుండా గోడ కట్టారు. ఆ గోడ ముందుకి ఒరక్కుండా యాంకర్లు. అంటే ఏం లేదు, గోడలోంచి మట్టిలోకి ఏటవాలుగా పొడుగాటి బొక్క కొట్టి, ఇనప తీగలు దూర్చి, లోపలి చివర సిమెంటు పాలు పోస్తారు. అక్కడ పట్టు దొరుకుతుంది. గోడ దగ్గరి సగం మాత్రం గొట్టం తొడిగి తీగని వదులుగా ఉంచుతారు. తర్వాత జాకీతో లాగి గోడకి బిగిస్తారు.

ఈ పనిలో భానోజీ గారంటే భానోజీ గారే. నాయుడు ఆయన శిష్యుడు. ఎంటెక్ అవగానే వచ్చి చేరాడు.

పై వరస గురువుగారు వేశారు. కింది వరస వీడికిచ్చారు. వీడు గొట్టాలు పీకి పక్కన పడేసి గోడ దాకా సిమెంటు నింపేశాడు. సగం ఉత్తినే వదిలేయడం దేనికి అని.

జాకీతో లాగి చూశారు. గురువుగారివి నాలుగు వేళ్ల మందం సాగాయి. నాయుడివి గోరంత.

"ఏమనుకోకండి సార్, మీవి పాత బనీన్లలా సాగాయి. నావి కదిలితే ఒట్టు. పొక్లెయిన్ దింపమంటారా? ఇంకా కిందకి తవ్వేద్దాం."

భానోజీ గారు అక్కడున్న సిమెంటు బకెట్టుకి కట్టిన తాడు విప్పారు. ఒక కొస నాయుడి నడుముకి కట్టారు. రెండో కొస వాడి చేతికే ఇచ్చారు.

"బిగించి పట్టుకో."

"పట్టుకున్నా సార్."

"ఇప్పుడు ఆ ఇసక వైపు ఒరుగు. పడిపోకూడదు మరి."

నాయుడు నవ్వుతూ ఒరిగాడు. ఇంకొంచెం ఒరిగాడు. అంతే, ఇసక కుప్పలో మొహం పెట్టి బోర్లా పడ్డాడు. జాకీ పట్టుకున్నవాళ్లు పగలబడి నవ్వారు.

గురువుగారు నవ్వలేదు. పక్కనే గొంతుక్కూర్చున్నారు.

"తాడు వదిలేశావేటి?"

"లేదు సార్. ఇప్పటికీ గట్టిగానే పట్టుకున్నా."

"నీ తీగలు పట్టుకున్నది గోడ పక్కన జారే మట్టినే. పడేటప్పుడు ఆ మట్టి కూడా ఇదే చెప్తాది."

నాయుడు తల పైకెత్తాడు. రెండో అంతస్తు బాల్కనీలో ఒకావిడ చంటోడిని చంకనేసుకుని దుప్పటి ఆరేస్తోంది.

వాడు లేచాడు. మొహానికంటిన ఇసక కూడా తుడుచుకోలేదు. పొక్లెయిన్ దగ్గరికి నడిచి, డ్రైవరు ముందు చెయ్యి చాపాడు.

"అన్నా, కిందకి దింపకు. తాళం ఇలా ఇచ్చెయ్."