నల్లబడని చుట్లు

సముద్రం ఒడ్డున ఒక ఊరు ఉండేది. ఆ ఊరి మగవాళ్ళు నల్లరాళ్ళ మీద నిలబడి గాలం వేసేవాళ్ళు. వాళ్ళ వెదురు కర్రలకు దారం చుట్టే పని ఒక ఆడమనిషిది.

చూడ్డానికి అది చిన్న పనే. కర్ర పొడవునా ఐదు ఇత్తడి ఉంగరాలుంటాయి, గాలపు తాడు వాటిలోంచి పోతుంది. ఉంగరానికి రెండు వైపులా ఉన్న పాదాలను కర్రకు ఆనించి, పైన నూలుదారం వరస తప్పకుండా చుట్టి, లక్క పూస్తే అయిపోయినట్టే. దారం లక్కను తాగి కర్రను కరుచుకుంటుంది. ఆ తర్వాత చేప ఎంత గుంజినా ఉంగరం కదలదు.

దారం రంగు మాత్రం ఆమె ఇష్టం కాదు. ఊళ్ళో ఇంటికో రంగు, తాతలనాడు పంచుకున్నది. ఎందుకంటే ఆ రాళ్ళ మీదికి ఏ అల ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. సముద్రం మనిషిని ఉంచేసుకుని కర్రను ఒడ్డుకు తోసేది. కర్ర దొరికినవాళ్ళు రంగు చూసి, ఆ ఇంటికి పోయి, కర్రను తలకిందులుగా గుమ్మానికి ఆనించి, మాట్లాడకుండా వెళ్ళిపోవాలి. ఆ ఊళ్ళో చావు కబురు చెప్పే పద్ధతి అదే. నోటితో చెప్పడం ఎవరికీ చేతకాక పెట్టుకున్న పద్ధతి అనుకుంటాను.

ఇబ్బందల్లా లక్కతోనే. లక్క తాగిన దారం నల్లబడుతుంది. ఎరుపు కాచు రంగుకు దిగుతుంది. ఊదా కూడా కొంచెం అటూ ఇటుగా అక్కడికే వస్తుంది. ఆకుపచ్చకూ నీలానికీ తేడా చెప్పాలంటే కర్రను ఎండలోకి పట్టుకుపోవాలి. ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చారు.

ఒక ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో ఒక కర్ర ఒడ్డుకు వచ్చింది. కర్ర దొరికినవాడు చుట్లను ఎండకు తిప్పి తిప్పి చూసి, ఊదా అనుకున్నాడు. ఊదా ఇంటి గుమ్మానికి ఆనించి వెళ్ళిపోయాడు.

ఊదా ఇంటామె గాజులు పగలగొట్టుకుంది. పొద్దు వాలే వేళకు ఆమె మొగుడు బుట్టెడు చేపలతో వచ్చి, వాకిట్లో జనాన్ని చూసి, ఎవరు పోయారని అడిగాడు.

పోయినవాడు ఎరుపింటాయన. ఆ ఇంటామెకు కబురు అప్పుడు గాని చేరలేదు. "అన్నం రెండుసార్లు వేడి చేశాను" అంది ఆమె.

ఆ మాట దారం చుట్టే ఆమె చెవిన పడింది. ఆ రోజునుంచి ఆమెకు తిండి సయించలేదు. కర్ర తెచ్చినవాణ్ణి ఏమనగలం, కళ్ళున్న ఎవరైనా అలాగే పొరబడతారు. ఆ రెండు రంగుల్నీ ఒకటి చేసింది తన చేతి లక్క. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది.

ఊరిపెద్ద పిలిపించాడు.

"అమ్మా, రంగు రంగులా ఉండాల. ఇంకోసారి గుమ్మం తప్పకూడదు."

"చూస్తాను పెద్దయ్యా" అంది.

ఆమె చూడని దారి లేదు. లక్కను పలచన చేసింది. కింద తెల్లదారం చుట్టి దానిమీద రంగుదారం చుట్టింది. రెండూ కొంత నయమే తప్ప ఆరేసరికి మళ్ళీ మసకే. చివరికి ఒకనాడు చుట్టిన దారానికి ముందు తుమ్మజిగురు పట్టించి, అది ఆరాక పైన లక్క పూసింది. మర్నాడు చూస్తే ఎరుపు ఎరుపుగానే ఉంది. ఆమెకు సంతోషంతో ఏడుపొచ్చింది.

రెండు నెలల్లో ఊళ్ళో కర్రలన్నీ కొత్త చుట్లు కట్టించుకున్నాయి. రాళ్ళ మీద మగవాళ్ళు పెళ్ళికి పోతున్నట్టున్నారని ఆడవాళ్ళు నవ్వుకున్నారు. ఎంత దూరంనుంచి చూసినా ఎవరి మొగుడు ఎవరో తెలుస్తోంది.

పని అయ్యాక ఉంగరాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కి చూడటం ఆమె అలవాటు. పాత చుట్టు రాయిలా ఉండేది. కొత్త చుట్టులో ఉంగరం కదిలింది. ఎంతని, గోటి అంచంత కూడా కాదు. దారం అప్పటికే జిగురు తాగి ఉంది, ఇక లక్క తాగడానికి చోటు లేదు. లక్క పైపైన నిగనిగలాడుతూ ఉండిపోయింది, లోపల దేన్నీ పట్టుకోలేదు. ఆ సంగతి ఆమెకు ఆ నిమిషంలోనే తెలిసింది. అయినా ఇంకా పూర్తిగా ఆరలేదేమోలే అనుకుంది. అలా అనుకోవడానికి ఆమె ఏమంత కష్టపడలేదు.

ఆ చలికాలం మూడు కర్రలు ఒడ్డుకు వచ్చాయి. నీలం, ఆకుపచ్చ, తెలుపు. మూడూ నేరుగా వాటి వాటి గుమ్మాలకు చేరాయి.

"ఒక్క గుమ్మం తప్పలేదు. నీ చెయ్యి చల్లన" అన్నాడు ఊరిపెద్ద.

ఆమె పరామర్శకు ఆ మూడిళ్ళకూ పోయింది. ఏడుస్తున్నవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ ముఖాలు చూడలేక, మూలనున్న కర్రను చూసింది. మూడింటిలోనూ నడిమి ఉంగరం చుట్టులోంచి జారి ఉంది. దాని చుట్టూ దారం నిన్ననే చుట్టినంత కొత్తగా మెరుస్తోంది. పెద్ద చేప గుంజేటప్పుడు ఉంగరం జారితే తాడు ఒక్కసారిగా వదులైపోతుంది. వెనక్కి బలం పెట్టి నిలబడ్డ మనిషి వెనక్కే పడతాడు. కింద ఉన్నది పాచిరాయి.

ఇంటికొచ్చి ఆమె ముందుగా చేసిన పని తన మొగుడి కర్రను ఒళ్ళో పెట్టుకోవడం. వాళ్ళ ఇంటి రంగు పసుపు. జిగురు చుట్లు కోసేసింది. మళ్ళీ పసుపుదారమే చుట్టి, జిగురు లేకుండా లక్క పూసింది. పసుపు చూస్తుండగానే మడ్డినూనె రంగుకు తిరిగింది. ఆరాక ఉంగరాన్ని నొక్కి చూసింది, రాయిలా ఉంది.

మొగుడు కర్ర తీసుకోబోయి ఆగాడు.

"మన పసుపేదే?"

"ఉంది. లోపలుంది."

"రేపు నాకేదైనా అయితే ఇది ఎవరింటికి తెస్తారు?"

"ఎవరింటికైనా తేనీ. ఉంగరం జారదు, అది చాలు నాకు."

అతను ఉంగరాన్ని వేలితో నొక్కాడు. తర్వాత బయటికి పోయి, పక్కింటి వాకిట్లో ఆరబెట్టిన కర్రను కూడా నొక్కి చూసి వచ్చాడు.

"మరి మిగతావాళ్ళవో?"

ఆమె తెగిన దారపు ముక్కలు ఏరసాగింది. అతను కర్రను గోడకు ఆనించాడు.

"వాళ్ళందరి పక్కన ఇది పట్టుకుని నేనెలా నిలబడేది? నువ్వు చెప్పేదాకా రాయి ఎక్కను."

చెప్పకపోతే ఊరికి ముప్పు, చెబితే తనకు. రెండు రోజులు ఆమె ఇంట్లోంచి బయటికి రాలేదు. ప్రతి అల చప్పుడుకూ ఎవరి కర్రో అనుకుని ఉలిక్కిపడింది. మూడోనాటి పొద్దున వలలు ఆరేసే చోటికి పోయి, అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మూడు ఇళ్ళ పాపం నాదే. మీ కర్రలు తెచ్చివ్వండి, విప్పి మళ్ళీ కడతాను. కానీ నల్లబడతాయి. రంగైనా ఇవ్వగలను, బలమైనా ఇవ్వగలను. రెండూ నా వల్ల కాదు."

ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది.

"నల్లచుట్లున్న నాడు మనుషులు పోలేదా?" అన్నాడు ఊరిపెద్ద.

"పోయారు పెద్దయ్యా. ఒక్క చలికాలంలో ముగ్గురు పోలేదు."

"ఈ ఏడు గాలీ ఎక్కువేగా" అని ఒకామె నెమ్మదిగా అంది. ఇంకొకామె అందుకుంది. "ఎలాగూ సముద్రం తీసుకునేది తీసుకుంటది. మా గుమ్మం ముందుకొచ్చేది మాదే అని తెలవాల కదా. తెలీకుండా అన్నం వేడి చేసుకుంటా కూర్చోమంటావా?"

అందరూ తలూపారు. మగవాళ్ళు కూడా ఊపారు, అదే ఆశ్చర్యం. తాము పోతామని వాళ్ళలో ఒక్కడూ అనుకోడు. పోతే కబురు సరిగ్గా అందాలని మాత్రం అందరూ అనుకుంటారు.

ఆమె వాకిట్లో లక్క కాచి, పాత్ర పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. కర్రలు ఎర్రగా, పచ్చగా, నీలంగా ఆమె ముందునుంచే రాళ్ళవైపు వెళ్ళాయి. ఒక్కో కర్ర దాటినప్పుడల్లా ఆమె బొటనవేలు దానంతటదే పాత్ర అంచును నొక్కింది. లక్క గడ్డకట్టింది. మళ్ళీ కాచింది.

మూడోనాడు ఒకామె కర్ర పట్టుకొచ్చి గడప దగ్గర ఆగింది. ఆమె ఊదా ఇంటామె. చేతికి కొత్త గాజులున్నాయి.

దారం చుట్టే ఆమె కంగారుగా లేచింది. "నువ్వా? పొరపాటు కబురొచ్చింది నీకే గదమ్మా. నీకు రంగు ఉండొద్దూ?"

"నాకే వచ్చింది వదినా. ఆ రోజంతా ఏడ్చాను. పొద్దు వాలేసరికి మా ఆయన చేపలబుట్టతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు." ఆమె కర్రను చేతికిచ్చింది. "నాకు తప్పు కబురే కావాల. నిజం కబురు వద్దు. విప్పు."

ఊదాచుట్లు తెగి ఒళ్ళో పడ్డాయి. కొత్త దారం చుట్టి, లక్క పూసి, ఇద్దరూ ఎండలో కర్రను చెరో కొసా పట్టుకుని కూర్చున్నారు. ఊదా మెల్లగా మసకబారింది. ఆనాడు పొరపాటున తన గుమ్మానికి వచ్చిన ఎరుపింటి కర్ర రంగులోకి దిగింది.

"చాలా?" అంది ఊదా ఇంటామె.

"ఇంకా నల్లబడాల" అంది దారం చుట్టే ఆమె, ఉంగరం మీద బొటనవేలు ఆనించి.