గండపెండేరం ఎవరి కాలికి?

అనగనగా ఒక కోట, ఆ కోటకు ఒక రాజు, ఆ రాజుకు ఇద్దరు మేటి బంట్లు. ఒకడు కాచయ, ఇంకొకడు ఎరకన.

మొదటి యుద్ధం గెలిచాక రాజు కాచయకు వెండిపిడి కత్తి ఇచ్చాడు. ఎరకన కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. రెండో యుద్ధం గెలిచాక రాజు కాచయ తలకు జరీ అంచు ఎర్రపట్టు తలపాగా చుట్టాడు. ఆ రోజు ఎరకనకు అన్నం సయించలేదు.

"ఆ కాచయ్యన్న పేరెత్తకుండా ఒక్క ముద్దయినా మింగరా మీరు?" అని భార్య నాగసాని విసుక్కుంది.

మూడో యుద్ధంలో శత్రువులు పడమటి గుమ్మం మీద విరుచుకుపడ్డారు. అక్కడున్నది వీళ్లిద్దరే. ఎరకనకు ఎడమ చీలమండలో ఈటె దిగి స్పృహ తప్పింది. కళ్లు తెరిచేసరికి కాలికి కట్టు ఉంది, తాను కాచయ వీపు మీద ఉన్నాడు. ఒక చేత్తో తనను పట్టుకుని, రెండో చేత్తో కత్తి తిప్పుతూ, శత్రువులు వెనుదిరిగేదాకా కాచయ ఒక్కడే గుమ్మం కాచాడు.

మర్నాడు కొలువు తీరింది. ఈసారి బహుమానం అన్నిటికన్నా పెద్దది, వీరుడి ఎడమ కాలికి తొడిగే బంగారు గండపెండేరం. అయితే ఆ కోటలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వీరత్వం వారు చెప్పుకోకూడదు. కళ్లారా చూసినవాడు లేచి చెప్పాలి.

కాచయ తలపాగా లేకుండా ఉత్త తలతో వచ్చి కూర్చున్నాడు. "రాజుగారిచ్చిన తలపాగా చుట్టుకోవడానికి కూడా వీడికి నామోషీ! ఎంత పొగరు!" అని ఎరకన పళ్లు నూరాడు.

"పడమటి గుమ్మం కాచిన వీరుడెవరు? చూసినవారు చెప్పండి" అన్నాడు రాజు.

ఎరకన నేలచూపులు చూశాడు. నోరు విప్పితే పెండేరం కూడా వాడింటికే పోతుంది. పైగా తాను వాడి వీపెక్కిన సంగతి ఊరంతా తెలుస్తుంది.

రాజు రెండోసారి అడిగాడు. ఎరకన పొడిదగ్గు దగ్గాడు.

మూడోసారి అడగగానే కాచయ లేచాడు. "నేను చూశాను ప్రభూ. అంతమంది మీదపడినా ఎరకన వెన్ను చూపలేదు. ఈటె దిగి పడిపోయేదాకా నిలబడి పోరాడాడు."

సభ భళా అంది. ఎరకన గుండె ఉప్పొంగింది. రాజు సింహాసనం దిగి వచ్చి, "కాలు చాచు నాయనా" అన్నాడు. పెండేరం తొడగడానికి కట్టును కాస్త పైకి జరిపాడు. నెత్తురు మరకల కింద జరీ అంచు తళుక్కుమంది. రాజు గమనించలేదు. ఎరకన గమనించాడు.

అతడు కాచయ ఉత్త తల వైపు చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఆగండి ప్రభూ! నేను పడ్డాక జరిగింది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. కాచయ తమరిచ్చిన తలపాగా చించి నా గాయానికి కట్టాడు. నన్ను వీపున మోస్తూ ఒంటిచేత్తో గుమ్మం కాచాడు. నేను అసూయతో నోరు మూసుకున్నాను. క్షమించండి."

"అయితే ఇది నీ చేత్తోనే తొడుగు" అన్నాడు రాజు.

ఎరకన కాచయ ముందు కూర్చుని పెండేరం తొడిగాడు. ఆ బంగారాన్ని చూస్తే ఇంకా కాస్త కడుపు మండింది. అయినా దాన్ని సరిగ్గా బిగించాడు.

ఆ పూట నాగసాని వడ్డిస్తుంటే కాచయ పేరు పదిసార్లు ఎత్తాడు. ప్రతి ముద్దా కమ్మగా మింగాడు.

కాబట్టి పిల్లలూ, పక్కవాడి గొప్పను నోరారా చెప్పినవాడికి కడుపులోని అసూయ దానంతటదే చల్లారుతుంది.