ఎత్తని చెయ్యి

ఏం చూశారో ముందు అది చెప్పండి. రిజర్వాయరు నడిమధ్యన రెండు తలలు. ఒకాయన చెయ్యి పైకెత్తి, గట్టు అదిరిపోయేలా కేకలు పెడుతున్నాడు. ఆయనకి కాస్త ఎడంగా ఇంకొకడు, నోరెత్తకుండా, నీళ్ళల్లో నిలువునా ఉన్నాడు. తల వెనక్కి వాల్చి ఒడ్డు వైపు చూస్తున్నాడు. పడవ ఒక్కటే. తెడ్డు మీ చేతిలో ఉంది. ఎటు తిప్పుతారు? నసగకండి, నీళ్ళు ఆగవు.

అరిచేవాడి వైపే కదూ. తవిటినాయుడు కూడా అటే తిప్పాడు.

తవిటినాయుడు హైస్కూల్లో డ్రిల్లు మేష్టారు. యాభై దగ్గరపడుతున్న వయసులో ఆయనకి ట్రయథ్లాన్ మీద మనసు పోయింది. ముందు ఈత, ఒళ్ళు ఆరకుండానే సైకిలు, సైకిలు దిగీ దిగకుండానే పరుగు. అందులో చిన్నదాన్ని స్ప్రింటు అంటారు. దానికి పేరిచ్చాడు. సైకిలుకీ పరుగుకీ ఆయనకి బెంగ లేదు. బెంగంతా నీళ్ళతోనే. స్విమ్మింగ్ పూల్లో అయితే అడుగున గీత కనిపిస్తుంది, చెయ్యి చాపితే గోడ దొరుకుతుంది. రిజర్వాయరులో గీతా లేదు, గోడా లేదు, కింద పచ్చటి చీకటి. కిందటి వారం సగం దూరంలో ఆయనకి ఊపిరి బిగుసుకుపోయింది. వెల్లకిలా తిరిగి, అదేదో కసరత్తు అన్నట్టు కాళ్ళాడిస్తూ ఎలాగో ఒడ్డున పడ్డాడు. ఎవరికీ చెప్పలేదు. 

పోటీ వచ్చే ఆదివారం. స్కూలు పిల్లలు మంచినీళ్ళందించడానికి గట్టంతా బారులు తీరతారు. హెడ్మాస్టరు కూడా వస్తానన్నాడు. వాళ్ళందరి ముందు నీళ్ళల్లో మళ్ళీ అదే జరిగితే?

ఈత నేర్పే ఆవిడ పేరు నూకరత్నం. హార్బరులో పాతికేళ్ళు, మునిగేవాళ్ళని కాపాడే కొలువులో, జీతానికి ఈదింది. ఆడదానికి నీళ్ళల్లో ఏం పని అన్న మగాళ్ళని నీళ్ళల్లోంచే లాగి ఒడ్డున పడేసింది. ప్రశ్న అడిగినవాడికి ఆవిడ జవాబివ్వదు, పని ఇస్తుంది. అందుకే చాలామంది అడగడం మానుకున్నారు. తవిటినాయుడు ఉండబట్టలేక అడిగాడు.

"మధ్యలో కష్టమైతే చెయ్యెత్తమంటున్నారు. పడవ వస్తుంది, పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు, పడవ ముందుకి లాక్కుపోనంతవరకు ఆటలోంచి తియ్యరు. అదంతా సరే. కాని మేడం, చెయ్యెత్తాక ఇంకేం మిగిలింది? ఓడిపోయినట్టే కదా?"

ఊరికే అడిగిన మాట కాదది. ఇరవయ్యేళ్ళుగా ఆయన గ్రౌండులో ఒక మాట చెలామణిలో ఉంది, ఊరందరికీ తెలిసిందే. పరిగెత్తలేక ఏ పిల్లో పిల్లాడో 'సార్' అంటూ చెయ్యెత్తితే, "చెయ్యి దించు, కాళ్ళెత్తు" అనేవాడు. మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు. చెయ్యి దిగిపోయేది. కొన్నాళ్ళకి చేతులు లేవడమే మానేశాయి. దాన్ని ఆయన క్రమశిక్షణ అనుకున్నాడు. ఇన్స్పెక్షనుకి వచ్చినవాళ్ళు కూడా అదే అన్నారు.

నూకరత్నం ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఇవాళ మీరు ఈదొద్దు మేష్టారూ. పడవెక్కండి. కాపలా మీదే."

"మరి నేనడిగింది?"

"పడవలో చోటుంది. దాన్నీ ఎక్కించుకోండి."

ఆయన చిన్నబుచ్చుకున్నాడు, లోలోపల ఊపిరి కూడా పీల్చుకున్నాడు. ఇవాళ్టికి నీళ్ళు తప్పాయి. తెడ్డు పట్టడం నేర్చుకుంటూ గట్టు పక్కనే తిరుగుతుంటే, ఈతగాళ్ళు ఒక్కొక్కరే పసుపు టోపీలు బిగించి దిగుతున్నారు. వాళ్ళల్లో ఢిల్లీశ్వర్రావు ఒకడు. ఆయన దగ్గరే చదువుకున్నాడు, ఇప్పుడు కొరియర్ ఆఫీసులో పని. గ్రౌండులో ఏనాడూ ఆగని కుర్రాడని మేష్టారికి వాడంటే ముద్దు.

"ఏటిరా ఢిల్లీ, నువ్వూ పేరిచ్చేవా?"

"మీరిచ్చేరని తెలిసి ఇచ్చేనండి." దండం పెట్టి దిగాడు.

కాసేపటికి కేక వినిపించింది. పళ్ళ డాక్టరు కామరాజుగారు. పిక్క పట్టేసింది, చచ్చిపోతున్నాను, పడవ, పడవ అని. తవిటినాయుడు ఆ కేక వైపే చూశాడు. తెడ్డు అటు తిప్పాడు. తెడ్డు కొత్త, పడవ వంకర్లు పోతోంది. రెండో టోపీ కనపడకపోలేదు. వాడి నోరు నీళ్ళ అంచున మునుగుతోంది, తేలుతోంది. లేని నిచ్చెనేదో ఎక్కుతున్నట్టు చేతులు నీళ్ళని కిందికి నొక్కుతున్నాయి. ఎవరో అలసిపోయి నిలబడ్డారనుకున్నాడు. మునిగేవాడు కేకలు పెడతాడని, చేతులూపుతాడని ఎవరు చెప్పారు మనకి? సినిమాల్లో చూసి నేర్చుకున్న మునక అది.

ఒడ్డునుంచి విజిల్ అదేపనిగా మోగింది. నూకరత్నం నడుంలోతు నీళ్ళల్లోకి వచ్చేసి చెయ్యి చాపి చూపిస్తోంది.

"అరిచేవాడికి ఊపిరుంది మేష్టారూ. ఆ అరవనివాడి దగ్గరికి పోండి."

పడవ తిప్పేసరికి టోపీ లేదు. ఆ ఒక్క క్షణం తవిటినాయుడు ఏమనుకున్నాడో ఆయనకే తెలియదు. టోపీ మళ్ళీ తేలింది. తెడ్డు వదిలేసి, పడవమీద బోర్లా పడి, దొరికిన చెయ్యి దొరికినట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి పడవ అంచుకి అతుక్కుపోయింది. ఈత కళ్ళద్దాలు పక్కకి జరిగాక ముఖం తెలిసింది. ఢిల్లీశ్వర్రావు.

దగ్గి, కక్కి, వాడికి మాట వచ్చేదాకా ఆగాడు. తర్వాత కోపం వచ్చింది. భయం దిగిపోయేటప్పుడు వచ్చే కోపం.

"ఊపిరి ఆడనప్పుడే చెయ్యెత్తాల్సింది కదరా."

"ఎత్తుదామనే అనుకున్నానండి." వాడు పడవ అంచుకి నుదురు ఆనించుకున్నాడు. "కాని మీరున్నారు కదండీ పడవలో."

ఒడ్డున ఎండ చురుక్కుమంటున్నా ఢిల్లీశ్వర్రావు తువ్వాలు కప్పుకుని వణుకుతున్నాడు. ఎవరో ఫ్లాస్కులోంచి టీ పోసి వాడి చేతిలో పెట్టారు. కామరాజుగారు వెల్లకిలా ఈదుకుంటూ, పిక్క పిసుక్కుంటూ తనంతట తనే గట్టెక్కాడు.

"చెయ్యెత్తింది నేను, పడవెళ్ళింది ఇంకొకడికి. పన్ను నొప్పని నా దగ్గరికి రాకపోరు మేష్టారూ, నేనూ పక్కవాడి పన్నే పీకుతాను."

అందరూ నవ్వారు. తవిటినాయుడికి నవ్వు రాలేదు. నూకరత్నం ఇంకొకర్ని పడవెక్కించి, ఆయన వైపు తిరిగింది.

"మీ వంతు. సగం దూరం పోయి చెయ్యెత్తి రండి."

"కష్టమైతేనా?"

"కాకపోయినా."

ఆయన చొక్కా విప్పి దిగాడు. కాళ్ళ కింద పచ్చటి చీకటి కిందటి వారంలాగే ఉంది. సగం దూరంలో ఆగాడు. గట్టు మీద పిల్లలెవరూ లేరు, తువ్వాలు కప్పుకున్న ఒక్క కుర్రాడు తప్ప. వాడు ఇటే చూస్తున్నాడు. మేష్టారి చెయ్యి నీళ్ళల్లోంచి చెవిదాకా వచ్చి ఆగిపోయింది. ఒడ్డునుంచి నూకరత్నం గొంతు వినబడింది.

"అంతేనా మేష్టారూ? కుర్రాడికి కనబడటం లేదు."

అప్పుడు ఎత్తాడు. పడవ వచ్చింది. పట్టుకున్నాడు, ఊపిరి తీసుకున్నాడు, వదిలేసి ఈదుకుంటూ తిరిగొచ్చాడు. వచ్చేసరికి ఢిల్లీశ్వర్రావు లేచి నిలబడి తన తువ్వాలు అందించాడు.

తల తుడుచుకుంటూ మేష్టారు మెల్లిగా అడిగాడు. "మరి ఆదివారం, మేడం?"

"ఆదివారం మీ ఇష్టం," అంది నూకరత్నం విజిల్ తాడు మెడలోంచి తీస్తూ. "ఇన్నేళ్ళూ మీ గ్రౌండులో చెయ్యెత్తినవాళ్ళని మీరు చూశారు. ఎత్తనివాళ్ళని ఎవరు చూశారు మేష్టారూ?"

తవిటినాయుడు వంగి బూట్ల లేసులు ముడేసుకుంటున్నాడు. ముడి పడటం లేదు. ఆయన్ని అలా వదిలెయ్యండి. మీ సంగతి చెప్పండి. మీ ఎదట ఎవరు చెయ్యెత్తడం మానేశారు?