నల్లగుడ్డ వెనక దొర

చింతలకోట దొరగారికి రెండు కెమెరాలుండేవి. ఒకటి మూడు కాళ్ల మీద నిలబెట్టే పెద్దది, మోయడానికే ఒక మనిషి కావాలి. రెండోది అరచేతిలో ఇమిడేది. దాన్ని పిల్లలాట అని పెట్టెలో పడేశారు.

తల్లి పోయాక, పెద్దదాంతో తాను తీసిన ఆవిడ ఫొటోలన్నీ పరిచి చూసుకుంటే ఒక్కదానిలోనూ ఆవిడ నవ్వు లేదు. దొర కోపం కెమెరా మోసే పైడమ్మ మీదికి మళ్లింది.

“నువ్వే ఎక్కడో పడేసి పాడుచేశావు. రేపట్నించి కోటలో కనబడకు!”

పైడమ్మకి ఒళ్లు మండింది. “అలాగే బాబూ. పోయేముందు ఒక్కసారి అమ్మగారి కుర్చీలో కూర్చోండి, పాడైందో లేదో తేలిపోతుంది” అంది.

దొర కూర్చున్నారు. ఆమె రోజూ దొర చేసినట్టే కెమెరా వెనక నల్లగుడ్డ కిందికి దూరింది.

“నవ్వండి బాబూ!”

“ఎవర్ని చూసి నవ్వనే? గుడ్డ తప్ప ఏముందక్కడ?”

“అమ్మగారూ దాన్నే చూశారు బాబూ.”

 దొర లేచి పెట్టెలోంచి చిన్న కెమెరా తీశారు. దాన్ని గుండెకి ఆనించుకుని ఫొటో తీస్తే మొహం దాచుకునే పనే లేదు. అలాగే ఖాళీ కుర్చీ ఎదుట నిలబడిపోయారు.

“రేపు రా, పైడమ్మా” అన్నారు చివరికి.

పని పోలేదు. కానీ ఆ గుడ్డ మాట అమ్మగారుండగానే అనడానికి తనకి నోరెందుకు రాలేదా అని, గుడ్డ మడతపెడుతూ పైడమ్మ ఏడ్చింది.