వంత, వంతు

భద్రయ్యకు వంత పాడటమంటే చిన్నతనం.

కొల్లేటి ఒడ్డున వీరాస్వామి గురువుగారి దగ్గర ముగ్గురు శిష్యులు తత్వాలు పాడేవారు. ఒకడు ఏకతార పట్టి ముందు పాట అందుకుంటాడు. మిగిలిన ఇద్దరూ తాళాలు వేస్తూ అదే మాట తిరిగి పాడతారు. అదే వంత. రెండు తత్వాలు కాగానే ఏకతార చేతులు మారుతుంది. ఎవరి గొంతు బాగుంది, ఎవరిది బొంగురు అని గురువుగారు చూసేవారు కారు.

భద్రయ్య గొంతు అవతలి ఒడ్డుకు వినపడేది. పోలయ్యది పగిలిన కుండ. ఎర్రయ్యకు సగం చరణాలు గుర్తుండవు. అలాంటి వాళ్ళకు తాను వంత పాడటమేమిటని భద్రయ్య బాధ.

పుష్యమాసంలో పెద్దగురువు ఆరాధన వచ్చింది. ఆయన సమాధి కొల్లేటి నడుమ ఒక లంకలో ఉంది. అక్కడ దీపం వెలిగించింది మొదలు కొండెక్కేదాకా పాట తెగకూడదు. అరవై ఏళ్ళుగా తెగలేదు.

బయల్దేరే రోజు తెల్లవారగానే భద్రయ్య గురువుగారి ముందు నిలబడ్డాడు.

"ఈసారి ముందు పాట మొత్తం నాకే ఇవ్వండి. ఇవ్వకపోతే నన్ను వదిలెయ్యండి. నేనిక వంత పాడలేను."

గురువుగారు ఏకతార తీసి అతని చేతిలో పెట్టారు.

"నీ అంతట నువ్వు 'చాలు' అనేదాకా పాటకీ నువ్వే ముందు, దారికీ నువ్వే ముందు."

భద్రయ్య సంతోషించాడు. అడిగిందంతా దొరికినప్పుడే మనిషి భయపడాలి. అతను భయపడలేదు.

పడవ ఎక్కకుండా నీళ్ళలో నడిచి వెళ్ళటం వాళ్ళ నియమం. మోకాలి లోతు బురద. మనిషెత్తు జమ్ము. ముందు నడిచేవాడు జమ్మును రెండు చేతులా చీల్చి, కాలితో తొక్కి దారి చెయ్యాలి. వెనకవాళ్ళకు ఆ దారి దొరుకుతుంది.

మొదటి గంట భద్రయ్య పరుగులాంటి నడక నడిచాడు. గొంతెత్తి పాడుతూనే ఉన్నాడు.

"ఏం పోలయ్యన్నా, తాబేలుకేమైనా మొక్కుకున్నావా?"

"వత్తన్నా బాబూ. నువ్వు తొక్కిన దారి పరుపులా ఉంది. నిద్దరొత్తంది."

ఎండ పైకొచ్చింది. ఎదురుగాలి లేచింది. జమ్ము ఆకులు భద్రయ్య చేతుల్ని కోస్తున్నాయి. పాట ఆయాసంలో పడి ముక్కలవుతోంది.

"కాసేపు నే ముందుకి రానా?" అన్నాడు ఎర్రయ్య.

"అక్కర్లేదు."

అప్పుడు నెత్తిమీదుగా బాతుల గుంపు వచ్చింది. చలికాలం ఉత్తరాన్నుంచి దిగే బాతులు. వంచిన కొడవలిలా బారు తీరి పోతున్నాయి.

"గురువుగారూ, అట్టా వంకరగా పోతాయెందుకండీ? తిన్నగా ఒకదాని వెనక ఒకటి పోవచ్చు కదా?" అని అడిగాడు ఎర్రయ్య.

"నేరుగా వెనకుంటే ముందుదాని గాలి కిందికి తొక్కుతుంది. కాస్త పక్కనుంటే అదే గాలి పైకెత్తుతుంది. మొదటిదాన్ని ఎత్తేవాళ్ళే లేరు."

వాళ్ళు చూస్తుండగానే మొదటి బాతు పక్కకు జారి బారు చివరికి పోయింది. ఇంకొకటి ముందుకొచ్చింది. బారు చెదరలేదు.

"అలిసిపోయింది. చేతకానిది," అన్నాడు భద్రయ్య రొప్పుతూ.

గురువుగారు "ఊఁ" అన్నారు.

పొద్దు వాలేవేళకు లంక చేరారు. భద్రయ్య 'చాలు' అనలేదు. లంకలో జనమంతా సమాధి చుట్టూ కూర్చున్నారు. గురువుగారు ప్రమిద నిండా నూనె పోసి దీపం వెలిగించి, పీటమీద కూర్చున్నారు. భద్రయ్య పాట అందుకున్నాడు.

మొదటి తత్వం ఎలాగో గడిచింది. రెండోదానిలో మూడో చరణం దగ్గర గొంతు చీలింది. దగ్గాడు. మళ్ళీ నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. ఎర్రయ్య, పోలయ్య అంతకుముందు చరణాన్నే రెండుసార్లు తిప్పి పాడారు. ప్రమిదలో నూనె ఇంకా సగం ఉంది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పోలయ్య తాళాలు కింద పెట్టి, బొంగురు గొంతుతోనే మూడో చరణం ఎత్తుకున్నాడు.

గురువుగారు పీట దిగారు. వచ్చి భద్రయ్య పక్కన నేలమీద కూర్చుని, పోలయ్య వదిలేసిన తాళాలు అందుకుని వంత పాడారు.

అంతవరకూ ఆ లంకలో ఎవరూ ఆయన వంత పాడగా వినలేదు.

 భద్రయ్య ఏకతార పోలయ్య ఒడిలో పెట్టి, పెదవులు కదిపాడు. గొంతు గీరుకుంటూ వచ్చింది. రెండు గొంతుల మధ్య అది ఎవరికీ తప్పుగా వినపడలేదు. రెండు తత్వాలయ్యాక పోలయ్య ఏకతారను ఎర్రయ్యకిచ్చాడు. ఎర్రయ్య మాట మరిచిన చోట భద్రయ్య మెల్లిగా అందించాడు.

దీపం కొండెక్కింది. పాట తెగలేదు.

భద్రయ్య గురువుగారి కాళ్ళమీద పడ్డాడు.

"నాకేం శిక్ష వేస్తారో వెయ్యండి."

"శిక్షెందుకు? వంత పాడావుగా. వంతు దానంతటదే వస్తుంది."

మర్నాడు తిరుగు ప్రయాణం. నీళ్ళలో ఆకు, నాచు కొట్టుకొచ్చి నిన్నటి దారి మూసుకుపోయింది. ముందు పోలయ్య నడిచాడు, తర్వాత ఎర్రయ్య. ఆ తర్వాత భద్రయ్య ముందుకొచ్చాడు. జమ్ము చీలుస్తూ నూరు బారలు నడిచాడు. నడక తగ్గలేదు, ఆయాసమూ లేదు. అక్కడ పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.

"చాలు. పోలయ్యన్నా, రా."

పోలయ్య అతని ముఖంలోకి చూశాడు.

"అలిసిపోయావా బాబూ?"

"లేదన్నా," అని భద్రయ్య అందరికంటే వెనక్కి వెళ్ళాడు.